నోలా అరువు చెట్లు

డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున నోలా పాస్కో ఇంటిముందు బళ్ళు ఆగుతాయి. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో ఆల్బనీ ఊరు దాటి, దారి కింగ్ నది వైపు మళ్ళేచోట ఉంది ఆ ఇల్లు. వచ్చినవాళ్ళు తలుపు తట్టరు. గేటు తీసుకుని నేరుగా పెరట్లోకి నడుస్తారు. అక్కడ రేకుల కంచె పక్కన వరసగా పెద్ద పెద్ద కుండీలు, వాటిలో ఉన్నిపొదలు. ఏది ఎవరి చెట్టో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడాదంతా నోలా పెంచుతుంది, క్రిస్మస్‌కి వాళ్ళు పట్టుకెళ్తారు, కొత్త సంవత్సరం నాటికి తిరిగి తెచ్చి ఎక్కడిది అక్కడ పెట్టేస్తారు. అద్దె లేదు, బయానా లేదు.

ఉన్నిపొద ఆ తీరంలోనే పుట్టిన మొక్క. సముద్రపు గాలి కొట్టే ఇసుక దిబ్బల మీద, రాళ్ళ సందుల్లో దానంతట అది మొలుస్తుంది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, ఎవరో కూర్చుని కత్తిరించినట్టు పెరుగుతుంది. ఆకు వెండికీ పచ్చకీ మధ్య రంగు. చేత్తో దువ్వితే పిల్లి వీపు నిమిరినట్టుంటుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో వాళ్ళ చెయ్యి అందినంత మేరా ఆకు ఒకవైపుకి ఒరిగి ఉండేది. తిరిగొచ్చిన చెట్టుని చూసి, ఆ ఇంట్లో పిల్లలు ఈ ఏడు ఎంత ఎదిగారో నోలా చెప్పేది.

కుండీ వట్టిగా తిరిగిరావడం మాత్రం ఎప్పుడూ జరగలేదు. మట్టి మీద ఒక రేగుపళ్ళ జామ్ సీసానో, కాగితంలో చుట్టిన చేపో, అరడజను గుడ్లో ఉండేవి. ఇదెవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. నోలా మాత్రం ఏటా ఒకేలా చిరాకు పడేది. “నేను చెట్టు అడిగానా, చేప అడిగానా?” అనేది. చేప వండుకునేది.

ఇవ్వడం ఆమెకి అలవాటు. తీసుకోవడం దగ్గరే ఇబ్బంది.

ఆమె పుట్టింది ఉత్తరాన, అంగెరప్ వైపు, అప్పుడప్పుడే చిట్టడవి కొట్టి గోధుమ వేస్తున్న నేలలో. క్రిస్మస్ ముందురోజు తండ్రి దారి పక్క పొదల్లోంచి ఏదో ఒక కొమ్మ నరుక్కొచ్చి కిరసనాయిలు డబ్బాలో నిలబెట్టేవాడు. తల్లి పాలడబ్బాల మూతలు సాగగొట్టి దారాలతో వేలాడదీసేది. అక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం, సాయంత్రమయ్యేసరికి కొమ్మ వాడిపోయేది. పండగరోజున పిల్లలు లేచి చూసేసరికి చెట్టు మీద మెరిసేవి మూతలే. మిగతా పిల్లలకి అది పట్టేది కాదు. నోలా మాత్రం డబ్బాలో చెంబులు చెంబులుగా నీళ్ళు పోసి తల్లి చేత తిట్లు తినేది.

పదహారో ఏట ఆల్బనీ వచ్చి ఉన్ని మిల్లులో చేరింది. తర్వాత బడి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి శాండ్‌విచ్‌లు చుట్టింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరూ అడగలేదా అంటే అడిగారు. ఒకడికి గొర్రెలెక్కువ, ఇంకొకడికి మాటలెక్కువ అని తనే చెప్పి నవ్వేది.

చెట్లు అరువివ్వడం ఆ బడిలోనే మొదలైంది. అప్పట్లో క్రిస్మస్ అంటే ఊళ్ళో అందరికీ పైన్ చెట్టే. రంపం పట్టుకుని తోటల అంచుకి వెళ్ళి, దారి పక్కన పడి మొలిచిన పైన్ మొక్కని కోసి, బండి మీద కట్టుకొచ్చేవారు. బండి లేనివాళ్ళకి చెట్టూ లేదు. ఒక ఏడు ఊళ్ళో కబేళా మూతపడి, పని పోయిన ఒక కుటుంబం బండి అమ్ముకుంది. వాళ్ళ పిల్ల క్యాంటీన్ కిటికీ దగ్గర నిలబడి, మా ఇంట్లో ఈసారి చెట్టు లేదు అని, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నోలా తన వరండాలో ఉన్న ఉన్నిపొద కుండీని క్యాంటీన్ బండి మీద పెట్టుకుని, చక్రాలు కిర్రుమంటుంటే, ఆ వీధి చివరిదాకా తోసుకెళ్ళి వాళ్ళింట్లో దింపి వచ్చింది. మరుసటేడు ఇంకో రెండిళ్ళవాళ్ళు అడిగారు. ఆమె కొమ్మలు కత్తిరించి ఇసుకలో గుచ్చడం మొదలుపెట్టింది. అలా అలా పన్నెండు కుండీలయ్యాయి. బళ్ళున్నవాళ్ళు కూడా రంపాలు పక్కన పెట్టేశారు.

ఇదంతా ఒక ఎత్తు. ఆమెకి అరవై రెండో ఏట వచ్చిన శీతాకాలం ఒక ఎత్తు.

రొమ్ములో గడ్డ ఉందన్నారు. కోత ఆల్బనీలోనే అయింది. ఆ తర్వాత రేడియేషన్‌కి మాత్రం పెర్త్ వెళ్ళాలి, అక్కడే ఆరు వారాలు ఉండాలి అన్నారు. డాక్టరు చెప్పినవన్నీ విని నోలా అడిగిన మొదటి ప్రశ్న, సెప్టెంబరులోనే వెళ్ళాలా, కాస్త ఆగకూడదా అని. అక్కడ సెప్టెంబరంటే వసంతం, ఉన్నిపొదలు కొత్త చివుళ్ళు వేస్తాయి. నీళ్ళు తప్పకూడని రోజులవి.

“నేను చూసుకుంటా,” అన్నాడు పక్కింటి మెర్వ్ గాడ్‌ఫ్రీ, కంచె అవతల నుంచి.

మెర్వ్‌కి డెబ్బై ఆరు. నారికప్ దగ్గర పాలపశువుల పొలం ఉండేది. భార్య పోయాక, మోకాళ్ళు మొరాయించాక, పొలం కాగితపు గుజ్జు కోసం చెట్లు పెంచే కంపెనీకి అమ్మేసి ఈ వీధికొచ్చాడు. ఊరికి వచ్చినా రైతు బుద్ధి పోలేదు. తెల్లారకముందే లేస్తాడు, లేచాక ఏం చెయ్యాలో తోచక కంచె పట్టుకు నిలబడతాడు. నోలాని చెట్టు మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆవులకి క్రిస్మస్ తెలీదు, నాకూ అలవాటు తప్పింది అనేవాడు.

నోలా అతనికి అన్నీ చెప్పింది. ఏ కుండీకి ఎన్ని నీళ్ళు, తూర్పు నుంచి వడగాలి లేచిన రోజు ఏం చెయ్యాలి, ఏ చెట్టు వంకర పోతోంది, దాన్ని ఎటు తిప్పాలి. అతను తల ఊపుతూ విన్నాడు. ఎరువు సంగతి ఒక్కటి ఆమె చెప్పలేదు. ఆ మాటే ఆమెకి తట్టలేదు. అన్నేళ్ళలో వాటికి ఎవరూ ఏమీ వెయ్యలేదు మరి.

పెర్త్‌లో బయటి ఊళ్ళ నుంచి వచ్చే రోగులకిచ్చే వసతిలో ఆమె గది. ప్రతి ఆదివారం మెర్వ్ ఫోన్ చేసేవాడు. అతనికి ఫోన్‌లో మాట్లాడటం చేతకాదు, గట్టిగా అరిచేవాడు. “నీ సంతానం బాగుంది. నువ్వు తిన్నావా?” అనేవాడు. తిన్నానంటే, ఏం తిన్నావో చెప్పమనేవాడు. అబద్ధం చెప్తున్నట్టు తోస్తే, ఇంకోసారి చెప్పు అనేవాడు. వారం మొత్తంలో ఆమెని తిండి గురించి రెండోసారి అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు.

చికిత్స అయిపోయాక బస్సులో వస్తానంది. అతను వినలేదు. అయిదుగంటల దారి బండి నడుపుకుంటూ వచ్చి పొద్దున్నే వసతి ముందు నిలబడ్డాడు. ఫ్లాస్కులో టీ, గుడ్డు శాండ్‌విచ్‌లు, ఒక చిన్న దిండు తెచ్చాడు. దిండెందుకని ఆమె అడగబోయేలోపే సీటు బెల్టుకీ ఆమె ఛాతీకీ మధ్య దాన్ని పెట్టాడు. రేడియేషన్‌కి కాలిన చర్మానికి బెల్టు ఒరుసుకుంటుందని ఎవరు చెప్పారో, తనే ఆలోచించాడో. కొజొనప్ ఊరు దాటాక ఆమె కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చింది. అతను రేడియో పెట్టాడు, గొర్రెల ధరలు చెప్తున్నారు.

ఇల్లు చేరి, సంచీ వరండాలో పెట్టి, ఆమె ముందుగా పెరట్లోకే వెళ్ళింది.

చెట్లు నిలబడే ఉన్నాయి. కానీ చివుళ్ళు పసుపెక్కాయి. కింది ఆకుల కొసలు నల్లబడి, ఎవరో మంట దగ్గర పెట్టి తీసినట్టున్నాయి. వంగి చూసింది. ప్రతి కుండీలో మట్టి మీద బూడిదరంగు గుళికలు సమంగా చల్లి ఉన్నాయి. చల్లిన చెయ్యి పద్ధతి తెలిసిన చెయ్యి. మొదలుకి తగలకుండా, అంచుకి పోకుండా, చుట్టూ గుండ్రంగా వేసింది.

సూపర్. సూపర్ ఫాస్ఫేట్.

“కాస్త నీరసించాయి,” అన్నాడు మెర్వ్ వెనక నుంచి. “నువ్వు లేవనేమో. రెండు విడతలు వేశాను. ఈ వారం మూడోది పడితే లేచి కూర్చుంటాయి.”

“రేపు చూద్దాం మెర్వ్,” అంది నోలా.

ఆ తీరంలో పొలం చేసినవాళ్ళకి సూపర్ అంటే ఎరువొకటే కాదు. మెర్వ్ తండ్రికి ప్రభుత్వం ఇచ్చిన నేల మొదట్లో గడ్డి కూడా మొలవని ఇసుక. మేత లేక ఆవుల ఎముకలు బయటికి వచ్చేవి. పిల్లలు బడికి చెప్పుల్లేకుండా పోయేవారు. తర్వాత రైలుకట్ట దగ్గర సూపర్ బస్తాలు దిగాయి. వేశారు, తీపిగడ్డి మొలిచింది, ఆవులకి పాలు పడ్డాయి. ఆ ఇంటికి కిటికీ అద్దాలు, తల్లికి పళ్ళసెట్టు, మెర్వ్‌కి మొదటి బూట్లు ఆ బస్తాల లోంచే వచ్చాయి. ఇదంతా అతను నోలాకి కంచె మీదుగా ఎన్నోసార్లు చెప్పాడు. తనకి తెలిసినవాటిలో అన్నిటికన్నా మంచిది ఏదో అదే తెచ్చి ఆమె చెట్లకి వేశాడు. ఆమెకి అది తెలుస్తూనే ఉంది. నోరు పెగలనిది అందుకే.

ముందు థాంక్స్ చెప్పి, ఆ తర్వాత చెప్దామనుకుంది. మనసులో రెండు మూడు రకాలుగా కూర్చుకుని చూసింది. ఎలా కూర్చినా ఒకటే. ఆరు వారాల నీళ్ళకి, ఆదివారాల ఫోన్లకి, ఆ దిండుకి చెప్పాల్సిన థాంక్స్ కాస్తా, చేదుమందుకి చుట్టిన బెల్లమయిపోతోంది. అతను బెల్లం చప్పరించి మందు మింగుతాడు, ఆ థాంక్స్ ఇంకెప్పుడూ థాంక్స్‌లా వినబడదు.

మర్నాడు చుట్టుతిరుగుడుగా ప్రయత్నించింది. వాటికి ఎరువు ఇక చాల్లే, నీకెందుకు ఖర్చు అంది. ఖర్చేం లేదన్నాడు. పొలం అమ్మినప్పటి బస్తా షెడ్డులో సగం అలాగే ఉందట, ఎలకలు కూడా ముట్టని సరుకట. ఆ మర్నాడు, నేను కాస్త కోలుకున్నాక కలిసి వేద్దాంలే అంది. పని చెప్పడానికి మొహమాటపడుతోందని అతను అనుకున్నాడు.

నాలుగో పొద్దున ఆమె వంటింటి కిటికీలోంచి చూసేసరికి మెర్వ్ కంచె సందులోంచి వస్తున్నాడు. చంకలో బస్తా, చేతిలో రేకు మగ్గు. నోలా గౌను మీద కోటు తగిలించుకుని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. అతను అప్పటికే మొదటి కుండీ దగ్గర వంగాడు.

“మెర్వ్, ఆగు.”

“నువ్వు లోపలికి పో అమ్మాయ్, చలి. నిమిషంలో అయిపోతుంది.”

“వాటికి సూపర్ విషం.”

అతను వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. “ఏమన్నావ్?”

“విషం. ఇవి మన ఇసుకలో పుట్టినవి మెర్వ్. ఏమీ లేనిచోట వెతుక్కుని తాగడం నేర్చుకున్న వేళ్ళు. ఎదురుగా కుప్ప పోస్తే ఆపుకోలేవు. తాగి తాగి చస్తాయి.”

“మరి గడ్డి?”

“నీ గడ్డి వేరే దేశం నుంచి వచ్చింది.”

మెర్వ్ మెల్లగా నడుం ఎత్తాడు. మగ్గులోని గుళికల్ని బస్తాలో పోశాడు. ఒకటి రెండు కింద పడితే వాటిని ఏరాడు. అంతసేపూ చెట్ల వైపు చూడలేదు.

“నీకెప్పుడు తెలిసింది?”

“వచ్చిన రోజే.”

“అంటే నాలుగు రోజులుగా నన్ను చిన్నపిల్లాడిలా చూస్తున్నావన్నమాట. ఆ నాలుగు రోజులూ అవి తాగుతూనే ఉన్నాయి.”

“చెప్పాల్సింది,” అంది నోలా.

“చెప్పాల్సింది,” అన్నాడు మెర్వ్. బస్తా చంకలో పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను రాలేదు. పొద్దున్నే పేపరు, పాలు మెట్టు మీద ఉంటున్నాయి కానీ తలుపు మీద చప్పుడు లేదు. కంచె దగ్గర ఎవరూ నిలబడటం లేదు. నోలా వరండాలో కూర్చుని చూసింది. నిజం చెప్పడానికి భయపడినందుకు చెట్లు పోతున్నాయి. చెప్పినందుకు మనిషి పోతున్నాడు. ఆరు వారాలు గది గోడలు చూస్తూ ఆమె మనసులో కట్టుకున్నదల్లా ఒక్కటే. ఇంటికెళ్ళాలి, డిసెంబరులో గేటు తియ్యాలి, వాళ్ళందరూ వచ్చి ఎవరి చెట్టు వాళ్ళు పట్టుకెళ్తుంటే చూడాలి. ఇప్పుడు ఆ చూడాలనుకున్నదాంట్లో మెర్వ్ కూడా ఉన్నాడని అతను రావడం మానేశాక తెలిసింది.

ఊరికే కూర్చోలేక ఒక చెంచా తీసుకుని పెరట్లోకి దిగింది. గుళికలతో సహా పైమట్టి గీకి బకెట్‌లో వెయ్యడం మొదలుపెట్టింది. ఒక కుండీ అయ్యేసరికి చెయ్యి పైకి లేవలేదు. కోత వైపు భుజం అది. అక్కడే కుండీ అంచు పట్టుకుని నేల మీద కూలబడింది.

కాసేపటికి కంచె అవతల ఇంజను చప్పుడయింది. మెర్వ్ తన పాత బండిని వెనక్కి నడిపించుకుంటూ ఆమె గేటులోకి తెచ్చాడు. బండి మీద నీళ్ళ ట్యాంకు, పంపు, చుట్టిన గొట్టం. పొలంలో నిప్పంటుకుంటే ఆర్పడానికి ప్రతి రైతూ వేసవికి ముందు సిద్ధం చేసుకునే సరంజామా అది. పొలం పోయినా అతను దాన్ని వదలలేదు.

“వాననీళ్ళే,” అన్నాడు దిగుతూ. “నా ట్యాంకులోవి. ఏం చెయ్యాలో చెప్పు. ముందు థాంక్స్, వెనక సారీ తగిలించకు.”

“పైమట్టి గీకెయ్. తర్వాత నీళ్ళు. కింద కన్నంలోంచి కారిపోయేదాకా, కారాక మళ్ళీ. మెల్లగా పొయ్యి, మంట ఆర్పుతున్నట్టు కాదు.”

అతను పండ్ల పెట్టె ఒకటి బోర్లించి ఆమెని కూర్చోబెట్టాడు. ఆ పూటంతా ఆమె వేలు చూపించడం, అతను గొట్టం పట్టడం. కుండీల కిందనుంచి నీళ్ళు ముందు బురదగా, తర్వాత టీ రంగులో, చివరికి తేటగా కారాయి. మోకాళ్ళు నొప్పెట్టినప్పుడల్లా అతను బండికి ఆనుకుని నిలబడేవాడు. “కూర్చుని పని చెప్పడం బాగానే వచ్చు నీకు. ఇన్నేళ్ళు క్యాంటీన్‌లో వృథా అయ్యావు,” అన్నాడు ఒకసారి. నోలా నవ్వి తర్వాతి కుండీ వైపు వేలు చూపించింది.

వారానికి రెండుసార్లు అలా కడిగారు. ఇసుక ఎక్కువ కలిపిన మట్టి కావడం వల్ల కొంత సూపర్ కొట్టుకుపోయింది. నవంబరు నెలాఖరుకి అయిదు చెట్లు తేరుకున్నాయి. చివుళ్ళలో మళ్ళీ వెండి కనబడింది. మిగతా ఏడూ నిలువునా గోధుమరంగుకి తిరిగిపోయాయి. ఆకు రాల్లేదు, ఆకారం చెడలేదు, ప్రాణం మాత్రం లేదు.

అందరికీ ఫోన్ చేసి ఈ ఏడు రావద్దని చెప్తానంది నోలా. ఎండ దెబ్బ తగిలిందని అంటే సరిపోతుందంది. మెర్వ్ ఒప్పుకోలేదు. రానీ, నేను చెప్తాను అన్నాడు.

ఆదివారం పొద్దున్న అతను పండగ చొక్కా వేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నోలా వరండా మెట్ల మీద కూర్చుంది. ఆమె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

మొదట వచ్చింది డాట్ ఆంటీ. ఆ తీరపు నేల మీద తరతరాలుగా ఉన్న మెనాంగ్ ఆదివాసుల ఆడపడుచు. ఊళ్ళో సగంమందికి ఆమె ఆంటీయే. ఏటా మనవల కోసం చెట్టు తీసుకెళ్తుంది. మెర్వ్ టోపీ తీశాడు.

“డాట్ ఆంటీ, చెట్లు నాకప్పగించి వెళ్ళింది నోలా. నేను సూపర్ వేసి చంపాను. ఏడు పోయాయి. నీది బతికే ఉంది.”

డాట్ ఆంటీ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. “పొలమంతా వేసింది చాలక, వెతుక్కుంటూ పెరట్లోకి కూడా వచ్చావా?”

“వచ్చాను.”

“మా నానమ్మ చూస్తే నిన్ను ఈ కుండీలో నాటేది,” అంది. అతను నవ్వొచ్చో లేదో తెలీక నిలబడ్డాడు. ఆమె నవ్వింది, లోపలికి నడిచింది. తన చెట్టు చివురు వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, నోలా పక్కన మెట్టు మీద కూర్చుంది. “బతికొచ్చావు,” అంది. చెట్టు గురించి కాదు. ఒక గిన్నెలో కంగారూ తోక పులుసు తెచ్చింది. నోలా అలవాటుగా, ఇదంతా ఎందుకు అనబోయి, నోరు మూసుకుని గిన్నె అందుకుంది.

తర్వాత ఇంకో రెండిళ్ళవాళ్ళు వచ్చారు. మెర్వ్ ప్రతివాళ్ళకీ అదే మాట చెప్పాడు. చెప్పేకొద్దీ మాట పెరిగింది. మూడోవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, సూపర్ ఏ కంపెనీదో, ఎంత మంచిదో కూడా చెప్తున్నాడు. ఆ వచ్చినాయన కూడా ఒకప్పుడు గొర్రెలు పెంచినవాడే. “నేనైనా అదే వేసేవాణ్ణి,” అన్నాడు తల గోక్కుంటూ.

డియాన్ ఆస్పత్రిలో నర్సు. ఇద్దరు కవల ఆడపిల్లలు. వాళ్ళ చెట్టు పోయినవాటిలో ఒకటి. మెర్వ్ ఆమెకీ అదే చెప్పాడు. పిల్లలు మాత్రం అప్పటికే పెరట్లోకి పరిగెత్తి, తమ చెట్టు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే దాన్ని నిమురుతున్నారు. గోధుమరంగు ఆకు కాస్త గరగరలాడింది.

“ఇంకా మెత్తగానే ఉందమ్మా,” అంది ఒక పిల్ల.

నోలా లేచి దగ్గరికొచ్చింది. “అది పోయింది తల్లీ. పచ్చవాటిలో ఏదైనా ఇంకో ఇంటివాళ్ళతో కలిసి పంచుకోండి.”

డియాన్ కుండీ చుట్టూ ఒకసారి తిరిగింది. “మా చిన్నప్పుడు ఏటా పైన్ చెట్టు కోసుకొచ్చేవాళ్ళం,” అంది. “మొదలు నరికి బకెట్‌లో పెట్టేవాళ్ళం. అది మాత్రం బతికున్నట్టా? అందరం చచ్చిన చెట్టు చుట్టూనే కదా పాటలు పాడుకున్నది. దీనికి నయం, వేళ్ళు కూడా ఉన్నాయి. ఎత్తు మెర్వ్, ఆ వైపు పట్టుకో.”

మెర్వ్ కదల్లేదు. నోలా వైపు చూశాడు. యాభై ఏళ్ళ కిందటి కిరసనాయిలు డబ్బా ఎక్కణ్ణించి వచ్చిందో గానీ నోలా కళ్ళముందు నిలబడింది. వాడిన కొమ్మకి తను పోసిన చెంబుల నీళ్ళు గుర్తొచ్చి నవ్వేసింది. నవ్వితే కోత మచ్చ లాగింది, అయినా ఆగలేదు.

“పట్టుకో మరి. నువ్వు చంపినదాన్ని నువ్వే మొయ్యి,” అంది.

అతను మోశాడు. “దీపాలు చుట్టొద్దు, ఎండిన చెట్టు, భగ్గుమంటుంది,” అని డియాన్‌కి బండి దాకా చెప్తూనే ఉన్నాడు. నిప్పు సంగతి అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. కాగితం నక్షత్రాలు చాల్లే అంది ఆమె.

ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరూ వట్టిచేతులతో పోలేదు. పచ్చదైనా, గోధుమరంగుదైనా పట్టుకెళ్ళారు. ఎవరి చెట్టు వాళ్ళదే. మార్చుకుందామా అంటే ఒక్కరూ మార్చుకోలేదు. మధ్యాహ్నానికి నోలా వంటింటి బల్ల మీద గిన్నెలు పెట్టడానికి చోటు లేకపోయింది. ప్రతిదీ ఆమె రెండు చేతులతో అందుకుంది. అందుకోవడం కూడా ఒక పనేనని, దానికి కూడా ఒళ్ళు అలుస్తుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

అందరూ వెళ్ళాక కంచె పక్కన ఒకే కుండీ మిగిలింది. నోలా తనకోసం ఉంచుకునేది. పచ్చనివాటిలో ఒకటి, కాస్త వంకరది. మెర్వ్ చేతులు చొక్కాకి తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

“ఇది నువ్వు పట్టుకెళ్ళు,” అంది నోలా.

“నాకెందుకు? ఇంకోటి చంపడానికా?”

“జనవరిలో మళ్ళీ పెర్త్ రమ్మన్నారు, చూడ్డానికి. వారమో, పది రోజులో. తిరిగొచ్చినవాటికి నీళ్ళు పొయ్యాలి. కొత్త కొమ్మలు కూడా గుచ్చుదామనుకుంటున్నా, వాటిని రోజూ తడపాలి. అలవాటు తప్పకుండా దీన్ని నీ దగ్గరుంచుకో.”

మెర్వ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. “నా చేతికిస్తావా?”

“నీ చేతికే.”

తూర్పుగాలికి వంకర చెట్టు తల ఊగింది. నోలా దాని వైపు చూస్తూ అంది.

“మెర్వ్. ఆ ఆరు వారాలకి, థాంక్స్. ఫోన్లకి. దిండుకి.”

“ఇప్పుడా చెప్పడం? నెల దాటింది.”

“ఇప్పుడైతే దీని వెనక ఇంకేం లేదు. ఉత్త థాంక్సే.”

అతను తల పంకించాడు. ఆ థాంక్స్‌ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనివాడిలా కాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి కుండీ దగ్గరికెళ్ళి వంగాడు.

“మట్టి ఎంత లోతు తడి చూడాలి?”

నోలా తన వేలు చూపించి, సగం దగ్గర గోరుతో గీసింది. మెర్వ్ వేలు మట్టిలో గుచ్చి, తీసి, దానికంటిన ఇసుకని ఎండలో పట్టుకుని చూశాడు.

“ఇవాళ పొయ్యనక్కర్లేదు,” అన్నాడు.

“అక్కర్లేదు,” అంది నోలా.